ముందు గోడ

రాంచందర్ మొట్టమొదట కడిగింది సొంత ఇంటి వెనక గోడనే. కడిగాడనడం కంటే తవ్వాడనడం న్యాయం. నీళ్ళు ఒత్తిడితో చిమ్మే మిషన్ గన్ను మూతికి ఏ నాజిల్ పెట్టాలో తెలియక చేతికి దొరికిన ఎర్రదాన్ని బిగించి మీట నొక్కాడు. సూదిలా సన్నటి ధార వచ్చింది. అది తగిలిన చోటల్లా పాకురుతో పాటు ప్లాస్టరు కూడా ఊడిపడి లోపలి ఇటుక బయటపడింది. కంగారులో గన్ను కిందికి దించితే కాలి చెప్పు అంచు కత్తితో కోసినట్టు తెగింది. అతని భార్య జమున వాకిట్లో బియ్యం చెరుగుతూ అంతా చూసి, "గోడ కడుగుమంటే గోడనే తీస్తున్నవ్" అని చాట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఎండాకాలంలో మస్కట్ నుంచి వచ్చినవాడు ఇక పోనంటే పోనని కూర్చున్నాడు. కరీంనగర్‌లో బండ్లు కడిగే షాపు ఒకటి మూసేస్తుంటే అక్కడి ప్రెషర్ మిషన్ కొని ట్రాలీ ఆటోలో వేసుకుని తెచ్చాడు. వానలకు నల్లబడ్డ గోడల్ని కడిగి కొత్తగా చేసే పని చొప్పదండిలో ఇంకెవరూ చేయడం లేదని అతని ధీమా. ఆ పని తనకూ రాదని అతని భయం. ఏజెంటు మాత్రం వదలడం లేదు. ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పకపోతే వీసా ఇంకొకరికి ఇచ్చేస్తానని ఫోను మీద ఫోను చేస్తున్నాడు. పొమ్మని గాని వద్దని గాని జమున ఏమీ అనదు. ఆమె అనకపోవడమే అతనికి ఎక్కువ బరువుగా ఉంది.

ఫోన్లో హిందీ వీడియోలు చూసి చూసి కొంత నేర్చుకున్నాడు. తెల్ల నాజిల్ పెడితే నీళ్ళు విసనకర్రలా విచ్చుకుంటాయి, గోడకు అదే మంచిది. గన్నుకూ గోడకూ మధ్య చెయ్యి చాపినంత ఎడం ఉండాలి. సబ్బునీళ్ళు కింది నుంచి పైకి కొట్టాలి, మంచినీళ్ళు పై నుంచి కిందికి. సబ్బు పై నుంచి కొడితే అది కారిన దారంతా చారలు పడి, గోడ ఏడ్చిన మొహంలా తయారవుతుంది. ఇవన్నీ మనసులో వల్లె వేసుకుంటూ వెనక గోడలో మిగిలిన సగాన్ని కడిగాడు. ఆ సగం నిజంగానే తెల్లబడింది. జమున వచ్చి వేలితో రాసి చూసి, వేలు చూసుకుని, ఏమీ అనకుండా పోయింది. దాన్నే మెప్పనుకున్నాడు.

మొదటి పని హనుమండ్లు ఇంట్లో దొరికింది. బస్టాండు రోడ్డులో విత్తనాల దుకాణం ఆయనది. ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. చిన్న బిడ్డ అలేఖ్యను చూడటానికి శనివారం పొద్దున జగిత్యాల నుంచి పిల్లగానివాళ్ళు వస్తున్నారు. ఈ వానల్లో కొత్త రంగు వేయడం కుదిరే పని కాదు కాబట్టి ఉన్న రంగునే కడిగి పైకి తేవాలి. హనుమండ్లు దుకాణంలో బస్తాల మధ్య నిలబడే మాట తేల్చేశాడు.

"ముందు గోడ జర మెరువాలె రాంచందర్. మంచిగ జేస్తే ఊరందరికి నేనే జెప్త. కరాబు జేస్తే గది గూడ నేనే జెప్త."

ఆయన నవ్వుతూనే అన్నాడు. కానీ ఆయన చెబితే వినే ఊరది. ఆ గోడ బాగా వస్తే తను ఇంటి పట్టున ఉంటాడు, చెడితే మస్కట్ విమానం ఎక్కుతాడు. ఇంత తేలికైన లెక్క తన బతుకులో ఎప్పుడూ లేదని ఇంటికి పోయేదాకా అనుకుంటూనే ఉన్నాడు.

గురువారం వెనక గోడ, పక్క గోడలు పెట్టుకున్నాడు. కిటికీలన్నీ మూయించి, కరెంటు మీటరు డబ్బాకు పాలిథీన్ కవరు చుట్టి సుతిలి కట్టాడు. బోరు నీళ్ళు డ్రమ్ములోకి పెట్టి, ఎవరికీ కనపడని బాత్రూం వెనక మూలన ముందు ఒక చాపంత మేర కొట్టి చూశాడు. రంగు ఊడలేదు. నల్లటి నీళ్ళు కారి, వాటి వెనక లేత పసుపు రంగు బయటపడింది. అప్పటికి గాని అతనికి ఊపిరి ఆడలేదు. గన్ను వెనక్కి తన్నుతుంటే భుజం నొప్పి పెడుతోంది. ఒళ్ళంతా తడిసి, మీసాల్లోంచి మురికి నీళ్ళు కారుతున్నాయి. అయినా కడిగిన మేర పెరుగుతున్న కొద్దీ ఉషారు వచ్చింది. హనుమండ్లు భార్య కొమురవ్వ చాయ్ తెచ్చి, ఇది మా ఇల్లేనా అని నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ మాటకు అతను మురిసిపోయాడు. అందుకే డ్రమ్ము సంగతి మరిచిపోయాడు.

మోటారు గొంతు మారింది. అతను గమనించలేదు. ఇంట్లోంచి ఒక అమ్మాయి ఉరికి వచ్చి స్విచ్చి తీసేసింది. పెద్ద బిడ్డ దీపిక. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది, పొద్దున బస్సుకు పోయి సాయంత్రం వస్తుంది. డ్రమ్ము ఒట్టిగైందని, నీళ్ళు లేకుండా తిరిగితే మిషన్ కాలిపోతుందని మెల్లగా చెప్పింది. రాంచందర్ సిగ్గుపడి, ఈ రోజు డ్యూటీ లేదా బిడ్డా అని అడిగాడు. లీవు పెట్టించిన్రు అంది. పెట్టాను అనలేదు. అప్పుడు అతనికి అది అర్థం కాలేదు.

మధ్యాహ్నం అర్థమైంది. డ్రమ్ము నిండేదాకా ఆగుదామని వంటింటి గోడ పక్కన కూర్చున్నాడు. లోపల తండ్రీ బిడ్డా మాట్లాడుకుంటున్నారు. శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు ఆసిఫాబాద్‌లో మేనత్త ఇంటికి పోయి, ఆదివారం రమ్మని హనుమండ్లు చెబుతున్నాడు. తను లోపలి గదిలో ఉంటానని, బయటికే రానని దీపిక అంటోంది. ఆయన ఒప్పుకోలేదు. పిల్లగానివాళ్ళకు అంతా తెలుసట, దాచిందేమీ లేదట. కానీ వాళ్ళు గడపలో కాలు పెట్టేటప్పుడు మొగన్ని ఇడిసిపెట్టి వచ్చిన పిల్ల ఎదురైతే పెద్దవాళ్ళు ఏమన్నా అనుకుంటారట. చెల్లె మంచి కోసం రెండు రోజులు ఓర్చుకోలేవా అని అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది.

పరాయి ఇంటి మాటలు వింటున్నందుకు రాంచందర్‌కు ఒళ్ళు ముడుచుకుపోయింది. డ్రమ్ము సగమే నిండినా లేచి మిషన్ వేశాడు. ఆ చప్పుడులో ఇంకేమీ వినపడలేదు.

శుక్రవారం పొద్దున ఆకాశం మబ్బు పట్టి ఉంది. వాన రాకముందే ముందు గోడ ముగించాలని తొందరపడ్డాడు. గేటు తీస్తే రోడ్డు, రోడ్డుకు అవతల ఇళ్ళు. వెనక గోడ కడిగినప్పుడు చూసినవాడు లేడు. ఇప్పుడు పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఎదురింటి రాజం అరుగు మీద కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నాడు. పొద్దుపోక ఏదో ఒకటి చూసే మనిషి, ఆ రోజు రాంచందర్‌ను చూశాడు.

తలుపుకు ఎడమ వైపు గోడ మీద పాకురు మందంగా ఉంది. తెల్ల నాజిల్‌కు లొంగలేదు. సబ్బునీళ్ళు రెండోసారి కొట్టి, బాగా నాననిచ్చి, కొంచెం సన్నటి ధార ఇచ్చే పచ్చ నాజిల్ బిగించి దగ్గరికి జరిగాడు. కొత్త చోటు కడిగే ముందు చేత్తో రాసి చూడాలి, రంగు గట్టిగా ఉందో లేదో తట్టి చూడాలి. వీడియోలో వాడు ఆ మాట చెప్పాడు. వెనక గోడకు చూశాను కదా, ఇల్లంతా ఒకటే రంగు కదా అనుకున్నాడు.

గోడ మీంచి రొట్టెంత రంగు పెళ్ళ ఊడి కిందపడింది.

దాని వెనక ఎర్రగా ఏదో మెరిసింది. గన్ను పక్కకు తిప్పాడు. అక్కడా ఇంకో పెళ్ళ లేచింది. మిషన్ బందు చేశాడు. అయినా నానిన రంగు దానంతటదే జారుతూనే ఉంది. విచిత్రమేమిటంటే చుట్టూ ఉన్న పసుపు రంగు గట్టిగానే ఉంది, ఎర్రటి గీతల మీది రంగే ఊడుతోంది. ముందు ఒక నెమలి మెడ బయటపడింది. తర్వాత కలశం. కలశానికి ఒక పక్క 'చి.ల.సౌ. దీపిక', ఇంకో పక్క 'చి. లక్ష్మణ్'. నిన్న రాసి పోయినట్టు నిగనిగలాడుతున్నాయి.

పెళ్ళి కుదిరితే పెయింటరును పిలిచి తలుపు పక్కన పిల్లా పిల్లగాని పేర్లు ఆయిలు రంగుతో రాయించడం ఆ వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే. పెళ్ళయ్యాక వాటిని ఎవరూ తుడపరు. ఎండకూ వానకూ ఏండ్ల తరబడి ఉంటాయి. పుట్టిన పిల్లలు అ ఆలు నేర్చుకుని మొదట చదివేది కూడా ఆ గోడనే. ఆయిలు రంగు నున్నగా ఉంటుంది, దాని మీద మామూలు రంగు పట్టు దొరక్క ఊరికే పైన కూర్చుంటుంది. ఎవరో గీకకుండానే దాని మీద పూసేశారు. నీటి దెబ్బ తగలగానే ఆ పూత పోయింది, రాత మిగిలింది.

రాంచందర్ గేటు వైపు చూశాడు. శనివారం పొద్దున వచ్చేవాళ్ళు గేటు తీయగానే కనపడేది ఇదే.

కొమురవ్వ బయటికి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విడాకుల ఇడుపు కాయితం అయిన మర్నాడు హనుమండ్లే రంగు డబ్బా కొనుక్కొచ్చి, స్టూలు ఎక్కి తనే పూశాడని చెప్పింది. పెయింటరును పిలిస్తే ఎందుకని అడుగుతాడని పిలవలేదట. ఆ రోజు దీపిక లోపల పడుకుని ఉందట.

కబురందుకుని హనుమండ్లు దుకాణం నుంచి వచ్చాడు. అరుస్తాడనుకున్నాడు రాంచందర్. అరిస్తే బాగుండేది. ఆయన గోడను చూసి, రోడ్డు వైపు చూసి, ముందు గేటు మూశాడు. మీద ఏదన్నా రంగు కొట్టొచ్చా అని అడిగాడు. తడి గోడకు, ఆయిలు రాతకు రంగు నిలవదని, పొద్దటికి మళ్ళీ కనపడుతుందని రాంచందర్ తల వంచుకుని చెప్పాడు. మరి తీసేయలేవా అన్నాడు. ఎర్ర నాజిల్‌తో కొడితే పోతుంది, కానీ ప్లాస్టరు కూడా పోతుంది, గుంత పడుతుంది అన్నాడు రాంచందర్.

"పడనియ్యి" అన్నాడు హనుమండ్లు. "గుంత పడితే వానకు పాడైందని జెప్త. రెండు పేర్లు తీసెయ్యి. నేను కరీంనగర్ పోయి పండ్లు, మిఠాయి తీస్కొచ్చేసరికి ఒక్క అక్షరం కనవడొద్దు."

మోటారు సైకిలు చప్పుడు రోడ్డు మలుపు దాటిపోయింది. రాంచందర్ పచ్చ నాజిల్ విప్పి ఎర్రది బిగించాడు. సొంత గోడను తవ్విపెట్టిన నాజిలే అది. వీధిలోకి ఉన్న గోడ మీద, ఊరు చూస్తుండగా, మొదటి పనిలోనే గుంతలు. రేపటి నుంచి తనను ఏమని పిలుస్తారో కూడా అతనికి అప్పుడే వినపడుతోంది.

దీపిక బ్యాగు భుజాన వేసుకుని బయటికి వచ్చింది. చెప్పులు తొడుక్కోవడానికి వంగి, లేస్తూ గోడను చూసింది. చెప్పుల్లో ఒక కాలే పెట్టి అట్లాగే నిలబడిపోయింది. తర్వాత దగ్గరికి వచ్చి తన పేరులో మొదటి అక్షరాన్ని వేలితో ముట్టుకుంది. మొత్తం తీస్తవా కాకా అని అడిగింది. మీ బాపు తీయమన్నడు బిడ్డా అన్నాడు.

ఆమె వేలు తన పేరు మీదుగా కలశం దాకా పోయి ఆగింది.

"నాది ఉండనియ్యి కాకా. ఆయనది తీసెయ్యి."

రాంచందర్ గన్ను దించాడు. హనుమండ్లు సేటు చెప్పిన మాట కాదంటే తన గతి ఏమవుతుందో ఆమెకు చెబుదామనుకున్నాడు. ఏజెంటు సంగతి, ఆదివారం సంగతి అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"గీ ఇంట్ల పుట్టింది నేను" అంది దీపిక. "ఆయన గాదు."

ఆమె గట్టిగా అనలేదు, ఏడవలేదు. మెట్టు మీద కూర్చుని బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. బస్టాండులో ఆసిఫాబాద్ బస్సు హారను కొట్టింది. కాసేపాగి మళ్ళీ కొట్టింది. ఆమె కదలలేదు. రాంచందర్ గడపలో నిలబడ్డ కొమురవ్వ వైపు చూశాడు. ఆమె వద్దంటుందని ఆశ. వద్దంటే ఈ పాపం తన మీద ఉండదు. కొమురవ్వ బిడ్డను చూసింది, గోడను చూసింది.

"పైన కరెంటు వైరుంది తమ్మి, జర చూసి కొట్టు" అని మాత్రం అంది.

కలశం మధ్యలో ఉన్నా రెండు పేర్ల మధ్య ఎడం జానెడు కూడా లేదు. ధార ఒక్క ఇంచు జారినా ఆమె పేరు పోతుంది. అడ్డం పెట్టడానికి ఏమన్నా ఉందా అని చూస్తుంటే దీపిక లేచి పోయి కోళ్ళగూటి మీది రేకు ముక్క తెచ్చింది. తన పేరు మీద దాన్ని ఆనించి, అవతలి అంచు పట్టుకుని నిలబడింది. చెయ్యికి తగిలితే చర్మం లేచిపోతుందని, దూరం పొమ్మని రాంచందర్ బతిమాలాడు. నేను చెయ్యి కదపను, నువ్వు గన్ను కదపకు అంది.

మీట నొక్కాడు. ధార 'ణ్'కు తగిలింది. ఎర్రటి పొడి, ఇసుక కలిసి మొహం మీద చిమ్మాయి. రెండు చేతులతో గన్నును కడుపుకు ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, కుడి నుంచి ఎడమకు ఒక్కో అక్షరాన్ని తీసుకుంటూ వచ్చాడు. 'క్ష్మ' మొండికేసింది. రంగు మందంగా ఉన్న చోట రెండుసార్లు పోవలసి వచ్చింది. 'ల' దగ్గరికి వచ్చేసరికి రేకు మీద నీళ్ళు పడి టపటపమని మోగింది. దీపిక కళ్ళు గట్టిగా మూసుకుంది, చేతులు మాత్రం కదల్లేదు. అతనికి చెమటో నీళ్ళో కళ్ళలో పడి మండుతోంది. తుడుచుకోవడానికి కూడా మీట వదలలేదు. చివరికి అక్కడ పేరు లేదు. గరుకైన ఇసుక ప్లాస్టరు, నడుమ రెండు చోట్ల ఇటుక మాత్రం ఉన్నాయి.

గేటు చప్పుడైంది.

హనుమండ్లు పండ్ల సంచులు బండి మీదే ఉంచి వచ్చాడు. బస్సు ఎక్కవలసిన బిడ్డ గోడ దగ్గర తడిసి నిలబడి ఉంది. ఆయన ఆమెను చూసి, ఇంకా తీయలేదేమని రాంచందర్‌ను అడిగాడు. సేటూ, లక్ష్మణ్ పేరు తీసేసిన, బిడ్డ పేరు తీయబుద్ధి కాలేదు, అన్నాడు రాంచందర్. ఎట్లా అనగలిగాడో అతనికే తెలియదు.

హనుమండ్లు చెయ్యి చాపి గన్ను తీసుకున్నాడు. మోటారు నడుస్తూనే ఉంది. దీపిక తండ్రి వైపు చూసి, రేకును గోడ మీంచి తీసి పక్కన పెట్టి, రెండడుగులు తప్పుకుంది. ఆమె పేరు అడ్డం లేకుండా ఆయన ఎదుట ఉంది. ఆయన గన్ను ఎత్తి పట్టుకున్నాడు. వేలు మీట మీదే ఉంది. రాంచందర్ ఆ వేలునే చూస్తున్నాడు. అది కొంచెం బిగిసింది, మళ్ళీ సడలింది. అప్పుడు స్టూలెక్కి పూసిన రోజు ఆ పిల్ల లోపల ఉంది. ఇప్పుడు పక్కనే నిలబడి చూస్తోంది. ఆయన గన్ను మెల్లగా దించి రాంచందర్ చేతికి ఇచ్చి, బస్సు పోయిందా అని బిడ్డను అడిగాడు. పోయింది బాపు అంది.

"పోతే పోనియ్యి" అన్నాడు.

మిషన్ చప్పుడు ఆగేసరికి రాజం గేటు దాకా వచ్చాడు. లోపలికి తొంగిచూసి, గోడకు ఎంత గుంత పెట్టినవ్ రాంచందర్, సేటు ఇల్లు కరాబు జేసినవ్ గదా అని పెద్దగా అన్నాడు. ఇటూ అటూ పోయేవాళ్ళు కూడా ఆగారు. రాంచందర్ చూపు తన తెగిన చెప్పు మీద ఉంది. ఊరికి చెప్పే ఘడియ ఇంత తొందరగా వస్తుందని అతను అనుకోలేదు.

హనుమండ్లు పోయి గేటు బార్లా తీశాడు. రోడ్డు మీద నిలబడ్డవాళ్ళందరికీ గోడ మొత్తం కనపడింది.

"ఆయన కరాబు జేయలే రాజం" అన్నాడు. "నేనే తీయించిన. ఒక్క పేరే తీయాలె, ఒక్కటే తీసిండు. మంచిగ తీసిండు."

హనుమండ్లు బండి దగ్గరికి పోయి సంచులు దించుకుంటున్నాడు. దీపిక వచ్చి వాటిలో ఒకటి అందుకుంది. రాంచందర్ ఎర్ర నాజిల్ విప్పి జేబులో వేసుకుని, తెల్లదాన్ని బిగించి, మెట్ల మీద పడ్డ ఇసుకను కడగడం మొదలుపెట్టాడు.